టెక్ సందేహాలు: డ్రమ్మర్ చెవిలో టపటప, గాయని చెవిలో నిశ్శబ్దం

ప్రశ్న: మాది ఆరుగురి ఆర్కెస్ట్రా. బెరింజర్ ఎక్స్32 మిక్సర్, ఎవరి చెవిలో సౌండు వాళ్లే సర్దుకునే డబ్బాలు (పీ16 పర్సనల్ మిక్సర్లు) ఆరు, మిక్సర్ సౌండును వాటికి పంచే ఒక డిస్ట్రిబ్యూటర్ ఉన్నాయి. మొన్న పటమటలో ఒక పెళ్లిలో డ్రమ్మర్‌కు మధ్యమధ్య సౌండ్ తెగిపోయి టపటపమంది. గాయనికైతే అసలు రాలేదు. ఆమె స్టేజీకి ఆ చివర నిలబడుతుంది. కేబుల్ చాలక, ఇంట్లో ఇంటర్నెట్‌కు వాడే చిన్న స్విచ్ మధ్యలో పెట్టి ఇంకో కేబుల్ కలిపాం. ఆమె డబ్బాకు విడిగా అడాప్టర్ ఇచ్చాం, లైట్లు వెలుగుతున్నాయి. డబ్బా పోయినట్టేనా?
– కీబోర్డ్ వాద్యకారుడు, విజయవాడ

జవాబు: డబ్బాను రిపేరుకు ఇవ్వకండి. ముందు ఆ స్విచ్ తీసేయండి. ప్లగ్ ఒకటే గానీ, లోపల నడిచేది వేరు. ఇంటర్నెట్ స్విచ్ పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఒక్కో కవరు మీదున్న అడ్రస్ చదివి, ఆ ఇంటికి చేరుస్తుంది. మీ మిక్సర్ ఆ డబ్బాలకు సౌండు పంపే పద్ధతి పేరు అల్ట్రానెట్. అందులో కవర్లూ లేవు, అడ్రస్‌లూ లేవు. 16 ఛానళ్ల సౌండు బందరు కాలువలో నీళ్లలా ఆగకుండా పారుతూ ఉంటుంది. స్విచ్‌కు అది అర్థం కాదు, ముందుకు పంపదు. పైగా డిస్ట్రిబ్యూటర్ అదే కేబుల్లో కరెంటు కూడా పంపిస్తుంది కాబట్టి దాన్ని రౌటర్‌కో స్విచ్‌కో తగిలించడం ఆ పరికరాలకూ మంచిది కాదు.

ఆ చివరి వరకు సరిపోయే ఒకే కేబుల్ వేయండి. అప్పటిదాకా ఇంకో దారి ఉంది. పీ16 వెనక థ్రూ అనే సాకెట్ ఉంటుంది. గాయని పక్కన నిలబడే వాళ్ల డబ్బా థ్రూ నుంచి ఆమె డబ్బాకు చిన్న కేబుల్ ఇవ్వండి. థ్రూలో కరెంటు రాదు గానీ, ఆమెకు అడాప్టర్ ఎలాగూ పెట్టారు.

డ్రమ్మర్ సంగతి వేరు. అక్కడ ఊహతో పని లేదు, తారుమారు చేసి చూడండి. డ్రమ్మర్ కేబుల్‌ను గిటార్ డబ్బాకు, గిటార్ కేబుల్‌ను డ్రమ్మర్ డబ్బాకు పెట్టండి. టపటప గిటార్ వైపు వెళ్లిపోతే తప్పు కేబుల్‌దో, అది దిగిన డిస్ట్రిబ్యూటర్ పోర్టుదో. డ్రమ్మర్ దగ్గరే ఉండిపోతే డబ్బాది. కేబుల్ వైపు తేలితే దాన్ని ఇంకో పోర్టులో పెట్టి చూస్తే మిగతాదీ తెలిసిపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. ముహూర్తం దగ్గర పడిందని నాలుగూ ఒకేసారి మార్చేస్తే ఈ రాత్రికి గండం గడుస్తుందేమో గానీ, రేపటి కచేరీలో అదే కేబుల్ మళ్లీ ఎవరి చెవికో చేరుతుంది.

నా అనుమానం మాత్రం కేబుల్ మీదే. గోడల్లో వేసే క్యాట్ 5ఇ రకం నెట్‌వర్క్ కేబుల్లో ఒక్కో తీగా ఒంటి రాగి తీగ. రోజూ చుట్టి, విప్పి, కాళ్ల కింద నలిగితే లోపల చిట్లుతుంది. పైకి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. స్టేజీకి సన్న పోగులు కలిపి పేనిన స్ట్రాండెడ్ రకం, షీల్డ్ (తీగల చుట్టూ లోహపు పొర) ఉన్నది కావాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక రకం వద్దు. సీరియల్ లైట్ల వైర్ల పక్కనే పొడవునా పరచకుండా, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. లాన్ టెస్టర్ (కేబుల్లో తీగలన్నీ కలుస్తున్నాయో లేదో చూపే పరికరం) పెట్టినప్పుడు ప్లగ్ దగ్గర కేబుల్‌ను కాస్త కదుపుతూ చూడండి. కదపకుండా చూస్తే చిట్లిన కేబుల్ కూడా పాసైపోతుంది.

ప్రశ్న: మా చర్చి క్వయర్‌లో అందరికీ పర్సనల్ మిక్సర్లు ఇచ్చారు. నా గొంతు నాకు వినపడక పెంచుతూ పోతున్నాను. ప్రాక్టీసు అయ్యాక చెవుల్లో గంటసేపు గుయ్యిమంటోంది.
– ఒక గాయని, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ గుయ్యిమనడాన్ని తేలిగ్గా తీసుకోకండి. చెవి లోపలి సున్నితమైన కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు 8 గంటల వరకు ఫర్వాలేదు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 91 దగ్గర 2 గంటలు. 100 దగ్గర 15 నిమిషాలే, అంటే మూడు నాలుగు పాటలు. ఆ హోరు రెండు రోజులకు కూడా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.

మీ గొంతు వినపడకపోవడానికి కారణం అది తక్కువుండటం కాదు, మిగతావన్నీ ఎక్కువుండటం. అన్ని ఛానళ్లూ సున్నాకు దించండి. ముందు మీ గొంతు ఒక్కటే, హాయిగా వినపడేంత. తర్వాత శ్రుతి కోసం కీబోర్డు, తాళం కోసం డ్రమ్స్, అవసరమైనంతే. మీరు పాడటానికి బేస్ గిటార్ అక్కర్లేకపోతే అది సున్నాలోనే ఉండనివ్వండి. పాన్ (సౌండును ఎడమ, కుడి చెవులకు జరిపే నాబ్) తిప్పి కీబోర్డును ఎడమకు, తోటి గాయకులను కుడికి జరిపితే మీ గొంతుకు మధ్యలో చోటు దొరుకుతుంది, వాల్యూమ్ పెంచకుండానే.

చాలామంది సంఘం పాడేది వినపడట్లేదని ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసేస్తారు. అప్పుడు రెండో చెవిలో తెలియకుండానే పెంచేస్తారు. దానికి బదులు సంఘం వైపు తిప్పి ఒక మైకు పెట్టించి, దాన్ని ఖాళీ ఛానల్లో ఇవ్వమని మీ సౌండ్ ఆయన్ని అడగండి. ఇంకో మాట కూడా అడగండి: మీకు వచ్చే ఛానళ్లు మిక్సర్లో ప్రీ ఫేడర్‌లో, అంటే హాలు వాల్యూమ్ మీటకు (ఫేడర్‌కు) ముందే తీసుకున్నవిగా ఉన్నాయా అని. పోస్ట్ ఫేడర్‌లో, అంటే ఆ మీట తర్వాత తీసుకున్నవైతే, ఆయన హాలు కోసం మీ ఫేడర్ దించినప్పుడల్లా మీ చెవిలోనూ మీ గొంతు పడిపోతుంది.

ప్రశ్న: వాయించేటప్పుడు మన సౌండు మనం వినడానికి (మానిటర్‌గా) బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడొచ్చా?
– తబలా విద్యార్థి, విజయవాడ

జవాబు: వద్దు. మామూలు బ్లూటూత్‌లో సౌండు సెకనులో పదోవంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఆలస్యంగా వస్తుంది. పదోవంతు సెకనులో శబ్దం గాలిలో 34 మీటర్లు వెళుతుంది. అంటే మీ తబలా 34 మీటర్ల దూరంలో ఎవరో వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. తాళం నిలబడదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ తీసుకోండి. మిక్సర్‌కు పెద్ద జాక్ అయితే కన్వర్టర్ కొనేటప్పుడు స్టీరియోది కావాలని చెప్పండి. మోనోది ఇస్తే ఒక చెవిలోనే వినిపిస్తుంది.