చూపు తక్కువున్న తమ్ముడికి డిగ్రీ పరీక్షల్లో ఎక్స్‌ట్రా టైమ్ ఇవ్వలేం అంటున్నారు, ఏం చేయాలి?

మీ తమ్ముడు బీకామ్ రెండో ఏడాది, లో విజన్ 60 శాతమని సదరం సర్టిఫికెట్ ఉంది, అయినా ‘టైమ్ ఇవ్వడం మా చేతుల్లో లేదు, యూనివర్సిటీని అడగండి’ అని కాలేజీలో తిప్పుతున్నారని రాశారు. నాకూ చూపు తక్కువేనండి, రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే చూపు మెల్లమెల్లగా తగ్గిపోయే కంటి జబ్బు. నేనూ బీకామే, తర్వాత ఎంకామ్. పరీక్షలన్నీ స్క్రైబ్‌తోనే, అంటే నేను జవాబు చెప్తుంటే రాసిపెట్టే మనిషితోనే రాశాను. నేను చూసినంతవరకు చట్టం మన వైపే ఉంటుంది. పని ఆగేదల్లా కాగితం సరిగ్గా లేకపోవడం వల్ల, ఉన్నా ఆలస్యంగా ఇవ్వడం వల్ల.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో పరీక్షలకు అదనపు సమయం, స్క్రైబ్ గురించి నేరుగా ఉంది. లెక్క మాత్రం కేంద్రం 2018 ఆగస్టు 29న ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లో ఉంది. 2025లో కేంద్రం కొత్తవి కూడా ఇచ్చింది, మీ యూనివర్సిటీ ఏవి పాటిస్తోందో ఒకసారి అడగండి. నేను చెప్పేది 2018 వాటి ప్రకారం. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి స్క్రైబ్‌తో రాసేవాళ్ళకు గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట. స్క్రైబ్ అక్కర్లేదు, నేనే రాసుకుంటానన్నవాళ్ళు కూడా ఆ గంట అడగొచ్చు. ఈ విషయం చాలా కాలేజీల్లో ఎగ్జామ్ సెక్షన్ వాళ్ళకే తెలీదు. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, వీలైనంతవరకు గ్రౌండ్ ఫ్లోర్‌లో గది కూడా అందులోనే ఉన్నాయి.

ఒక మెలిక ఉంది, లో విజన్ వాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. అంధత్వం, రెండు చేతులకూ వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకు అడిగితే చాలు, స్క్రైబ్ ఇవ్వాలి. మిగతావాళ్ళు ‘ఈ విద్యార్థికి రాయడంలో ఇబ్బంది ఉంది, స్క్రైబ్ తప్పనిసరి’ అని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటో సివిల్ సర్జనో ఇచ్చిన సర్టిఫికెట్ విడిగా పెట్టాలి. సదరం శాతం చెబుతుంది గానీ, రాయగలడో లేదో చెప్పదు. నమూనా ఆ మార్గదర్శకాల చివర అపెండిక్స్-1 పేరుతో ఉంటుంది. ప్రింట్ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. లేకపోతే ఓపీ చీటీ మీద రెండు లైన్లు రాసి పంపిస్తారు, దాన్ని ఎగ్జామ్ బ్రాంచిలో పక్కన పడేస్తారు.

అప్లికేషన్ యూనివర్సిటీ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ పేరు మీద, ప్రిన్సిపాల్ ద్వారా పంపాలి. రెండు కాపీలు పట్టుకెళ్ళి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, స్టాంపు వేయించుకుని దాచుకోండి. ‘హాల్‌టికెట్ వచ్చాక రామ్మా’ అని మా క్లర్కు ప్రతి సెమిస్టర్‌కీ అనేవాడు. ఆ మాట వినకండి. హాల్‌టికెట్ చేతికొచ్చేసరికి పరీక్ష నెత్తి మీద ఉంటుంది, అప్పుడు ఎవరిని అడిగినా టైమ్ లేదంటారు. ఎగ్జామ్ ఫీజు నోటిఫికేషన్ వచ్చిన రోజే ఇచ్చేయండి. ఇంటర్నల్స్ సంగతి కూడా అదే కాగితంలో రాయండి. సెమిస్టర్ పరీక్షకు టైమ్ ఇచ్చి, ఇంటర్నల్స్‌కి మాత్రం ‘ఇది మామూలు టెస్టే కదా’ అనే లెక్చరర్లు ఉంటారు. మార్కులు మాత్రం మామూలుగా పోవు.

అన్నిటికంటే కష్టం స్క్రైబ్‌ని వెతుక్కోవడం. మన స్క్రైబ్‌ని మనమే తెచ్చుకుంటే, 2018 మార్గదర్శకాల ప్రకారం చదువులో ఒక మెట్టు కిందున్నవాళ్ళు కావాలి, అంటే డిగ్రీకి ఇంటర్ పిల్లలు. మార్చిలో వాళ్ళకే పబ్లిక్ పరీక్షలు, కాబట్టి మీ తమ్ముడి పేపర్లు ఆ రోజుల్లో పడితే ముందే చూసుకోండి. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో స్క్రైబ్‌ని పెట్టుకోవచ్చు, అత్యవసరమైతే మార్చుకోవచ్చు. ఇంగ్లీష్, తెలుగు పేపర్లకు వేరే అమ్మాయిని పెట్టుకోవడం నాకు బాగా కలిసొచ్చింది.

అకౌంట్స్ పేపరుకి నాకు దొరికింది పక్క వీధిలో ఎంపీసీ చదివే అమ్మాయి. లెడ్జర్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ‘టు బ్యాలెన్స్ సీ బై డీ’ (ఖాతాలో మిగిలిన మొత్తాన్ని కిందికి తీసుకెళ్ళేటప్పుడు రాసే మాట) అని చెప్తే, ‘సీడీ అంటే పాటల సీడీయా అక్కా?’ అంది. పేజీ మధ్యలో నిలువుగీత కొట్టడం, తేదీ కాలమ్ సన్నగా, వివరాల కాలమ్ వెడల్పుగా వదలడం, రెండు వైపులా టోటల్ ఒకే వరసలో వేయడం, ఇవన్నీ పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఇంట్లోనే చేయించాను. అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. ఫిఫ్టీన్ థౌజండ్, ఫిఫ్టీ థౌజండ్ చెవికి ఒకేలా వినిపిస్తాయి. ‘వన్, ఫైవ్, ట్రిపుల్ జీరో’ అని విడివిడిగా చెప్పమనండి, రాశాక వెనక్కి చదివించుకోమనండి. అదనపు గంటలో సగం దీనికే పోతుంది. ఆ గంటని ఊరికే ఇచ్చిన కానుకలా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఇన్విజిలేటర్ గారు పక్కన కుర్చీ వేసుకుని ‘ఎప్పట్నుంచమ్మా ఇలా?’ అని మొదలుపెట్టారు. ‘పరీక్ష అయ్యాక చెప్తాను సార్’ అనడం మీ తమ్ముడికి ఇప్పుడే నేర్పండి.

చదువుకోవడానికి కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉంది, తెర మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే నేరుగా చదవదు. దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే చాలావరకు అక్షరాలుగా మారుతుంది. చూపు సమస్య ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకపోతే, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దివ్యాంగుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కూడా అప్లై చేయండి.

ఇవన్నీ చేసినా కాదంటే, ఎందుకు కాదో రాసివ్వమనండి. సాధారణంగా ఎవరూ రాసివ్వరు, ఫైలు కదులుతుంది. రాసిచ్చారంటే ఆ కాగితంతో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 40 శాతం లేకపోయినా రాయలేని ఇబ్బంది ఉంటే స్క్రైబ్ ఇవ్వాల్సిందేనంది. ఆ తీర్పు తర్వాత 2022లో 40 శాతం లోపు వాళ్ళకూ వేరే మార్గదర్శకాలు వచ్చాయి. మీ తమ్ముడికైతే 60 ఉంది, అంత దూరం వెళ్ళాల్సిన పని పడకపోవచ్చు. ముందు ఆసుపత్రి సర్టిఫికెట్ పని మొదలుపెట్టండి, సూపరింటెండెంట్ సంతకానికే అన్నిటికంటే ఎక్కువ తిరగాల్సొస్తుంది.