వడ్రంగి పిట్ట దౌర్జన్యం, డాలర్ల ఖర్చు

విశాఖ సీతమ్మధార నుంచి అమెరికాలోని షార్లెట్ వెళ్ళి ఆరు నెలలైనా కాలేదు, అప్పుడే పిట్టలకు మేత కొని పోస్తున్నారు. సంతోషం. నేను వెళ్ళిన కొత్తలో రొట్టె ధరను కూడా రూపాయల్లోకి మార్చుకుని గుటకలు మింగేవాడిని.

మేత దగ్గర ఒక పిట్ట మిగతావాటి మీద దౌర్జన్యం చేస్తోంది, ఏం చేయాలి అని అడిగారు. వీపున నలుపు తెలుపు చారలు, నుదుటి నుంచి మెడ వెనక దాకా ఎరుపు అన్నారు కదా. అది రెడ్ బెల్లీడ్ (ఎర్ర పొట్ట) వడ్రంగి పిట్ట, అందులోనూ మగది. ఆడదానికి నడినెత్తి బూడిద రంగులో ఉంటుంది. మేత దగ్గర చాలా పిట్టల మీద దీని పెత్తనమే చెల్లుతుంది. బ్లూ జే అనే నీలి పిట్ట వస్తే మాత్రం కాస్త తగ్గుతుంది. విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా అన్నయ్య ఇంట్లో కూర్చుని ఈ జవాబు రాస్తుంటే, పెరట్లో కొబ్బరి మానును దీని చుట్టం, బంగారు వీపుది, వాయిస్తోంది. దాని తిండికి మా అన్నయ్య పైసా పెట్టడు.

అమెరికాలో నేను పెట్టాను. మొదట చవకగా వస్తోందని మిశ్రమ గింజల సంచి కొన్నాను. అందులో చాలా భాగం జొన్నలే. మా వడ్రంగి పిట్ట మేత డబ్బాకు తోక ఆనించి, ముక్కుతో జొన్నలను అటూ ఇటూ విసిరేసి, పొద్దుతిరుగుడు గింజలు మాత్రం ఏరుకునేది. కింద పడ్డవాటికి ఎలుకలు చేరాయి. ఎలుకలు పట్టేవాళ్ళకు మళ్ళీ డాలర్లు. తరువాత ఉత్త వేరుశనగ పోశాను. ఒక్కొక్క పప్పే పట్టుకుపోయి, ఓక్ బెరడు పగుళ్ళలో దూర్చి, పొడిచి పొడిచి బిగించి, వెంటనే ఇంకోదానికి వచ్చేది. తినడానికి కాదు, దాచుకోవడానికి. మన జీతం చెట్టులో డిపాజిట్ అవుతోందని మా ఆవిడ దెప్పేది.

ఇప్పుడు నా దగ్గర ఆ ఆటలు సాగవు. ఉప్పు వేయని వేరుశనగ గుప్పెడు, చెట్టు మాను పక్కన దానికి విడిగా. చిన్న పిట్టలకు, చుట్టూ కమ్మీల పంజరం ఉన్న డబ్బా ఇంకో మూల. చికడీలనే బుల్లి పిట్టలు దూరతాయి, ఇది దూరలేదు. సూయెట్ అనే కొవ్వు అచ్చులు చవకే గాని, ఎక్కువగా గొడ్డు కొవ్వుతోనే చేస్తారు. అత్తగారు వస్తున్నారంటే ఆలోచించుకుని కొనండి.

దాన్ని కొట్టడం, చంపడం తలపెట్టకండి. అమెరికాలో దీన్ని కూడా కాపాడే 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ఉంది. వివరాలు, మీ కాలనీ నియమాలు మీరే చూసుకోగలరు.

వసంతంలో వాననీళ్ళ రేకు గొట్టం మీద దరువు మొదలైతే మరమ్మతు వాళ్ళను పిలవకండి. ఇది నా హద్దు అని చాటుకోవడమే అది. నేను పిలిస్తే, పైకి చూసి తల ఊపినందుకే బిల్లు వేశారు.