అమ్మమ్మ పెట్టెలో 58 వెండి రూపాయలు: తూకానికి అమ్మకముందు, చింతపండుతో తోమకముందు

ప్రశ్న: సార్, నమస్కారం. మాది కావలి. రొయ్యల మేత డిపోలో పనిచేస్తాను. నెలకు 34,000 చేతికొస్తుంది. రెండో తరగతి చదివే పాప ఉంది, దాని చదువు కోసం మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 4,000 సిప్ (నెలనెలా వాయిదా) కడుతున్నా. ఈమధ్య అమ్మమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టెలో 58 వెండి రూపాయలు, ఒక డబ్బాడు రాగి కాణీలు దొరికాయి. వెండి కొట్టాయన తూకానికి తీసుకుంటానంటున్నాడు. ఫోన్‌లో వీడియోలు చూస్తే ఒక్కో బిళ్ల లక్షలు పలుకుతుందంటున్నారు. నా దగ్గరున్న వైష్ణోదేవి 5 రూపాయల బిళ్ల ఫొటో పెడితే ఒకతను 9 లక్షలిస్తానని చెప్పి, రిజిస్ట్రేషన్‌కని 1,850 కట్టించుకున్నాడు. ఇప్పుడు జీఎస్టీకి 14,000 కట్టమంటున్నాడు. సిప్ ఆపేసి ఆ డబ్బుతో పాత నాణేలు కొందామని నా ఆలోచన. ఇంకో సంగతి, ఉదయగిరి దగ్గర మా మామయ్యకు చేను దున్నుతుంటే చిన్న బంగారు నాణెం ఒకటి దొరికింది. దాన్నేం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 14,000 సంగతి. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. నిజంగా కొనేవాడు మీకు డబ్బిస్తాడు గానీ మీ దగ్గర తీసుకోడు. వైష్ణోదేవి బిళ్లలు ఆ దేవస్థానం బోర్డుకు పాతికేళ్లు నిండిన సందర్భంగా 2012 సంవత్సరంతో వచ్చాయి. 5 రూపాయలవీ 10 రూపాయలవీ మామూలుగా చేతులు మారినవే, 9 లక్షలకు కొనేవాడెవడూ లేడు. పాత నోట్లు, నాణేల అమ్మకానికంటూ రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర వాడుకుని ఫీజులు, పన్నులు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అలాంటి లావాదేవీలతో తనకే సంబంధం లేదనీ, ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ చెప్పింది. ఈరోజే 1930కి ఫోన్ చేసి, 1,850 పంపిన లావాదేవీ నంబరు, అతని ఫోన్ నంబరు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు ఇవ్వండి. సిగ్గుపడి ఊరుకోకండి. మన జిల్లాలో చదువుకున్నవాళ్లు కూడా, బియ్యాన్ని లాక్కునే మహిమ ఉందని మోసగాళ్లు అంటగట్టే రైస్ పుల్లింగ్ చెంబుకు పొలాలు తాకట్టు పెట్టడం నేను కళ్లారా చూశాను.

ఇక పెట్టె దగ్గరికొద్దాం. వెండి కొట్టాయనను తప్పుపట్టను, ఆయన వ్యాపారం తూకం. కానీ ఆయన త్రాసులో పడేలోగా మీ దగ్గర ఏముందో మీకు తెలియాలి. అమ్మాలా, దాచుకోవాలా, ఇంకా కొనాలా అన్నవన్నీ దాని తర్వాతే.

తోమడం మాత్రం అస్సలు వద్దు. మా ఇంట్లో ప్రతి దీపావళికి లక్ష్మీపూజ ముందు నాయనమ్మ వెండి రూపాయలను చింతపండు, ముగ్గుపిండి వేసి తళతళలాడేలా తోమేది. ఆమె పోయాక వాటిని ఒక పాత నాణేల వ్యాపారికి చూపించాను. ఆయన ఒకదాన్ని అంచు పట్టుకుని దీపం కింద ఏటవాలుగా తిప్పాడు. రాణి చెంప మీద, వెనకాల ఖాళీ జాగాలో, వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు వందలు మెరిశాయి. "తోమారు కదండీ" అన్నాడు, అంతే. అచ్చు చెక్కుచెదరకుండా ఉన్న రూపాయికి కూడా వెండి ధర మీద పెద్దగా ఏమీ చెప్పలేదు. వెండి మీద పట్టే నలుపు మురికి కాదు, అది లోహం తనంతట తాను తెచ్చుకున్న పొర. సేకరించేవాళ్లు దాన్ని ఇష్టపడి కొంటారు. మీకు దొరికినవి నల్లగా ఉంటే అది మీ అదృష్టం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మంచం మీద మెత్తటి గుడ్డ పరిచి కూర్చోండి. కావలసినవి పదింతలు చూపించే భూతద్దం, గ్రాములో నూరో వంతు తూచే చిన్న త్రాసు, ఒక నోటుపుస్తకం. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తాలి, బొమ్మ మీద వేలు పడితే చెమట మచ్చ మిగిలిపోతుంది. ముందు బొమ్మను బట్టి కుప్పలు చెయ్యండి, తర్వాత సంవత్సరాన్ని బట్టి.

విక్టోరియా రూపాయల్లో 1876 దాకా 'క్వీన్' అనీ, 1877 నుంచి 'ఎంప్రెస్' అనీ ఉంటుంది. 1862 అని కనిపిస్తే అది ఆ ఏడే కొట్టిందనుకోకండి. ఆ అచ్చు సంవత్సరాన్నే 1874 వచ్చేదాకా మార్చకుండా వాడారు. అందుకే 1862వి బోలెడు. వాటిలో తేదీ దగ్గరి చిన్న చుక్కలను లెక్కబెట్టి రకాలు విడదీసేవాళ్లున్నారు, ఆ చుక్కలను భూతద్దంతో తప్పకుండా చూడండి. తర్వాత బట్టతల ఎడ్వర్డ్, 1903 నుంచి 1910 దాకా. ఆపైన కిరీటం పెట్టుకున్న ఐదో జార్జి. మీ పెట్టెలో ఎక్కువ ఉండేది బహుశా ఈయనే. వెనకవైపు కింద తామర పువ్వు దగ్గర చిన్న చుక్క పొడుచుకుని ఉంటే బొంబాయిలో కొట్టింది, లేకపోతే కలకత్తాది. 1911 రూపాయి కనిపిస్తే పక్కన పెట్టండి. రాజు అంగీ మీద గొలుసులోని ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ రావడంతో ఆ ఏడు కొట్టినవాటిలో ఎక్కువ భాగం బయటికి రాకుండా కరిగించేశారు. 1912లో ఏనుగును సరిచేశారు. అలాగని 1911ది దొరకనిదేం కాదు, మామూలు ఏడుకంటే కొంచెం ఎక్కువ పలుకుతుంది, అంతే.

ఆరో జార్జి దగ్గర జాగ్రత్త. 1939 వరకు రూపాయిలో నూటికి 91.7 పాళ్లు వెండి. యుద్ధంలో వెండి కరువై 1940 నుంచి సగానికి సగం చేశారు. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, అది నికెల్. వెనక పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంటుంది. అది నకిలీ కాదు, అలాగే చేశారు. నూటికి 91.7 పాళ్లవాటిలో 1939ది చాలా అరుదు. అందుకే 1938లోని 8ని గీకి 9 చేసినవి బజార్లో తిరుగుతుంటాయి. మీకు 1939 కనిపిస్తే ఎగిరి గంతెయ్యకముందు ఆ చివరి అంకెను భూతద్దంతో చూడండి. చుట్టూ లోహం చెక్కినట్టు, పక్క అంకెలకంటే పల్లంగా ఉందంటే ఎవడో చేయి పెట్టాడు.

ఇప్పుడు తూకం. ఈ రూపాయలన్నీ కొత్తలో 11.66 గ్రాములు. మన కంసాలులు ఇప్పటికీ "రూపాయెత్తు" అంటారే, ఆ తులం ఇదే. అరిగినదైతే 11.5కి అటూఇటూ రావచ్చు, 10.8 వచ్చిందంటే అనుమానించాలి. నూటికి 91.7 పాళ్ల రూపాయిలో అచ్చమైన వెండి దాదాపు 10.69 గ్రాములు, సగం వెండి రూపాయిలో 5.83. లెక్క తేలికగా ఉండేందుకు గ్రాము వంద రూపాయలనుకుంటే మొదటిది 1,069, రెండోది 583. మీరు అమ్మే రోజు ధర వేసుకుని ఇదే లెక్క కట్టండి. అన్నిటినీ ఒకే కుప్పగా పోసి తూస్తే ఎవరో ఒకరు నష్టపోతారు, సాధారణంగా అది అమ్మేవాడే. ఈ లెక్కతో వచ్చేది మీ కనీస ధర. ఏ రూపాయినైనా దానికంటే తక్కువకు ఇవ్వనక్కర్లేదు.

ఆ కనీస ధర మీద ఎంత వస్తుందన్నది నాణెం ఏ స్థితిలో ఉందన్నదాని మీద నడుస్తుంది. దీన్నే గ్రేడింగ్ అంటారు. దీపం పక్కనుంచి పడేలా పెట్టుకుని, ముందుగా అరిగే ఎత్తైన చోట్లు చూడాలి. జార్జి బొమ్మలో కనుబొమ, చెవి పైన జుట్టు, కిరీటం పట్టీ, గొలుసులో ఏనుగు. విక్టోరియా బొమ్మలో జుట్టు పాయలు, పైట మీది పువ్వుల అల్లిక. మొహం ఆకారం మాత్రం తెలుస్తూ మిగతాదంతా నున్నగా ఉంటే అది ఫైన్ లోపే. జుట్టు పాయల్లో సగం తెలిస్తే వెరీ ఫైన్. ఎత్తైన చోట మాత్రం కాస్త మెరుగు పోయి, మిగతాదంతా స్పష్టంగా ఉంటే ఎక్స్‌ట్రా ఫైన్. చేతులే మారకుండా టంకశాల మెరుపు చక్రంలా తిరుగుతుంటే అన్‌సర్క్యులేటెడ్. విదేశీ గ్రేడింగ్ కంపెనీలు దీన్నే 1 నుంచి 70 దాకా మార్కులు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తాయి. వెయ్యి, రెండు వేల నాణేనికి ఆ ఖర్చు దండగ. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, సొంత నాణెం ఎవరికైనా ఒక మెట్టు పైనే కనిపిస్తుంది. అనుమానమొస్తే కింది మెట్టే రాయండి.

కొన్నిటికి మెడలో వేసుకోవడానికి పైన కొక్కెం అతికించి, తర్వాత పీకేసి ఉంటారు. మన పల్లెల్లో ఇది చాలా మామూలు. అంచు మీద, పన్నెండు గంటల ముల్లు ఉండేచోట అతుకు మచ్చ చూడండి. అది ఉంటే ఏ సంవత్సరమైనా దాదాపు వెండి ధరే. ఇంట్లో ఎవరో వేసుకున్నదని తెలిస్తే మీరే ఉంచేసుకోండి.

ధర తెలుసుకోవడానికి వీడియోలు చూడొద్దు. అక్కడ చెప్పేది అడిగే ధర. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. పేరున్న నాణేల వేలం సంస్థలు అమ్ముడుపోయిన ధరలను తమ వెబ్‌సైట్లలో ఉంచుతాయి. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే స్థితిలో ఉన్న నాణేలు ఒక మూడు నాలుగు ఎంతకు పోయాయో రాసుకోండి. అందులో వేలం కమీషన్ పోతుంది, వ్యాపారికిస్తే అతని లాభం పోతుంది. మీ చేతికొచ్చేది ఆ అంకెకంటే తక్కువే. నెల్లూరు ఆచారి వీధిలోనైనా ఒంగోలులోనైనా కనీసం ఇద్దరి దగ్గర ధర అడిగాకే అమ్మండి. రసీదు తీసుకోండి. మొత్తం పెద్దదైతే పన్ను సంగతి ఆడిటర్‌ను అడగండి.

రాగి డబ్బా గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కాణీలు కుప్పలు తెప్పలు. వాటిని పాపకివ్వండి, అణాలూ బేడలూ పావలాలూ లెక్కలు నేర్చుకుంటుంది. ఆకుపచ్చ చిలుము పట్టినవాటిని మాత్రం విడిగా పెట్టండి. ఆ డబ్బాలో రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మ వేసి 'ఈస్ట్ ఇండియా కంపెనీ 1818' అని రాసిన బిళ్ల కనిపిస్తే మోసపోవద్దు. ఎన్నడూ చలామణీలో లేని ఉత్తుత్తి బిళ్ల అది. దాన్ని లక్షలకు కొంటానని, అమ్ముతానని వచ్చేవాడు మీకు ఫోన్ చేసినవాడి అన్నదమ్ముడే.

ఇప్పుడు సిప్. ఆపొద్దని గట్టిగా చెబుతున్నాను. నాణేల మీద నాకున్న ఇష్టం తక్కువది కాదు, అయినా పాప ఇంటర్ ఫీజు కట్టే రోజున నాణెం సాయం చెయ్యదు. బంగారం సవర ఉంటే కావలిలో గంటలో బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చుకోవచ్చు. అరుదైన రూపాయి అని చెబితే ఏ బ్యాంకూ ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వదు. కొనేవాడు దొరకడానికి నెలలు పడుతుంది. కొన్న మర్నాడే అమ్మితే నష్టంతో మొదలు. మీ లేఖలో ఆపద నిధి మాట గానీ ఆరోగ్య బీమా మాట గానీ లేదు. రొయ్యల పనిలో ఒక సీజను దెబ్బతింటే జీతాలు ఆలస్యమవుతాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి మామూలు వెండి ధరకు మించి పలకని రూపాయలను, అంటే బాగా అరిగినవి, అతుకు మచ్చలున్నవి, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే అమ్మి ఆ డబ్బు ఆపద నిధిగా బ్యాంకులో వెయ్యండి. బాగున్నవి పది పదిహేను దాచుకోండి. ఇక కొనాలనిపిస్తే నెలకు 500 చాలు. అది కూడా సినిమా, బిర్యానీ ఖర్చులోంచి మిగిల్చినదై ఉండాలి, పాప సిప్‌లోంచి కాదు. మొదటి ఆరు నెలలూ ఏమీ కొనకుండా మీ దగ్గరున్నవాటికే గ్రేడు రాస్తూ పోండి. ఆ నేర్పు వచ్చాక కొనే ప్రతి నాణెంలోనూ అది మీకు డబ్బు మిగులుస్తుంది.

దాచుకునేవి పేపర్లో చుట్టొద్దు, రబ్బరు బ్యాండు వెయ్యొద్దు. రెండూ వెండిని పాడుచేస్తాయి. మన దగ్గర సముద్రపు గాలి తేమ ఎక్కువ, నాణేల కోసమే అమ్మే అట్ట కవర్లలో పెట్టి, డబ్బాలో సిలికా పొట్లం వేసి ఉంచండి.

మామయ్య నాణెం వేరే సంగతి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. అది వరహా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, చూడకుండా చెప్పలేను. కానీ మన నెల్లూరు కథ ఒకటి ఆయనకు చెప్పండి. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల గుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, దాని కింద ఒక చిన్న కుండలో రోమన్ బంగారు నాణేలు, ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల కాలానివి. ఆ రైతు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. తర్వాత నవాబు మనుషులు వెతికితే చేజిక్కినవి ముప్పై చిల్లర. వందల ఏళ్లు మన మట్టిలో భద్రంగా ఉన్నవి కంసాలి కుంపటిలో ఒక పూటలో పోయాయి. మామయ్యను ఆ నాణెం కడగకుండా, ఎవరికీ చూపించి చేయి మార్చకుండా, రెండు వైపులా ఫొటో తీసి, దొరికిన చోటు సర్వే నంబరుతో సహా అర్జీ రాసి కలెక్టరేట్‌లో ఇవ్వమనండి. ఇచ్చినట్టు నకలు మీద ముద్ర వేయించుకోమనండి.