ఫొటోకు జంకిన రచయితలు, ఫొటోను వాడుకున్న రచయితలు

ప్రశ్న: ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ ఏనాడూ కెమెరా ముందుకు రాలేదు. ఫ్రెంచి రచయిత బాల్జాక్‌కు కూడా ఇటువంటి భయమే ఉండేదని హన్మకొండ గ్రంథాలయంలో ఒకరు చెప్పగా విన్నాను. నిజమేనా? ఆ కాలపు రచయితలు ఇష్టపడే ఫొటోలు దిగేవారా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఈ సంగతిని ప్రచారంలోకి తెచ్చినవాడు, పారిస్‌లో రచయితల ఫొటోలు తీసి పేరు గడించిన నాదార్. మనిషి దేహం పలుచని పొరలు పొరలుగా ఉంటుందనీ, ఫొటో తీసిన ప్రతిసారీ ఒక పొర ఊడిపోతుందనీ బాల్జాక్ నమ్మేవాడని, 1900లో వెలువడిన తన జ్ఞాపకాల్లో ఆయన రాశాడు. అంత లావుపాటి మనిషికి కొన్ని పొరలు పోయినా లాభమే తప్ప నష్టం లేదని చమత్కరించాడు కూడా. ఈ కథను అక్షరాలా నమ్మనక్కర లేదని నా అభిప్రాయం. ఎందుకంటే బాల్జాక్ 1842లో డాగెరోటైపు (తొలినాటి ఫొటో) తీయించుకుని వచ్చి, వెలుతురు ఇంత నిర్దుష్టంగా పనిచేస్తుందా అని అబ్బురపడుతూ తన ప్రియురాలు హాన్స్కాకు జాబు రాశాడు. మెడ దగ్గర తెరిచిన చొక్కాతో, ఛాతీ మీద చెయ్యి ఉంచుకుని కనిపించే బాల్జాక్ ఆ బొమ్మలోని వాడే. వెండి పూత పూసిన రాగిరేకు మీద నేరుగా పడే ఆ బొమ్మకు నెగెటివ్ ఉండదు, కనుక అది ఒకే ఒక్క ప్రతి. అది తీసేంతసేపూ కదలకుండా కూర్చోవలసి రావడం ఆనాటి ముఖాల్లోని బిగువుకు ఒక కారణం.

ఫ్రెంచి కవి బోద్‌లేర్‌ది వేరే పేచీ. చేతగాని చిత్రకారులకు ఫొటోగ్రఫీ ఆశ్రయమైందని 1859 నాటి చిత్రప్రదర్శన సమీక్షలో ఈసడించిన ఆయనే నాదార్ ముందూ, మరో ఫొటోగ్రాఫర్ కార్జా ముందూ కూర్చున్నాడు. 1865లో తల్లి ఫొటో కావాలని ఆమెకే రాసిన ఉత్తరంలో, ముఖంలోని ప్రతి ముడతా కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే మంచి ఫొటో అని ఫొటోగ్రాఫర్లు భ్రమపడతారనీ, తనకు కావలసింది పోలిక చెడకుండా చేతిగీత బొమ్మలోని మెత్తదనం ఉన్న ఫొటో అనీ, తీసేటప్పుడు తాను దగ్గరుండాలనీ వివరించాడు. ఆయన అయిష్టమంతా ఫొటోగ్రాఫర్ల అభిరుచి మీదే కాబోలు!

ఇక ఇష్టపడి దిగినవారిలో విక్టర్ హ్యూగోను ముందు చెప్పుకోవాలి. ఫ్రాన్సు పాలకుడు మూడవ నెపోలియన్‌ను ఎదిరించి, ప్రవాసిగా 1852లో జెర్సీ ద్వీపానికి చేరిన ఆయన, కొడుకు షార్ల్ చేతా, మిత్రుడు వాక్రీ చేతా సముద్రతీరపు రాళ్ల మీద తన ఫొటోలు తీయించుకుని ఆప్తులకు పంపేవాడు. స్వదేశంలో అడుగుపెట్టలేని రచయితకు తన రూపాన్ని అక్కడివారికి చేర్చే సాధనం అదే.