భయానకమా, బీభత్సమా? ఇంటి గుట్టా, చీకటి రహస్యమా?

సందేహం: ఒక సినిమాను పరిచయం చేస్తూ ‘నెమ్మదిగా కాలే గోథిక్ భయానక చిత్రం, ఒక కుటుంబపు చీకటి రహస్యాల కథ’ అని రాశాను. ‘భయానకం’ చాలదు, ‘భీభత్సం’ అనాలని ఒక మిత్రుడు అన్నారు. మిగతా మాటలు అనువాదంలా ఉన్నాయట. మీరేమంటారు?

సమాధానం: మీ మిత్రుడు చెప్పినదాంట్లో సగం ఒప్పు. ముందు తప్పు సగం చూద్దాం.

ఆ మాట ‘భీభత్సం’ కాదు, ‘బీభత్సం’. భీతి, భీకరం, భీషణం గుర్తొచ్చి మొదటి అక్షరానికి ఒత్తు తగిలించేస్తుంటాం గాని, వాటితో దీనికి చుట్టరికం లేదు. బీభత్స రసానికి స్థాయి, అంటే మూలంగా నిలిచే భావం, జుగుప్స (ఏవగింపు). భయానకానికి స్థాయి భయం. నెత్తురూ కుళ్లూ చూపించి మనచేత ముఖం తిప్పించేది బీభత్సం. ఏమీ చూపించకుండానే, మూసిన తలుపు వంక చూడాలంటే జంకేలా చేసేది భయానకం. పైగా ఇవాళ ‘తుఫాను బీభత్సం’ అంటే విధ్వంసం; కుర్రకారు నోట ‘బీభత్సంగా ఉంది’ అంటే మెప్పు కూడా! మీ మాటే ఉంచండి.

అది మీరు అనుకున్నదానికన్నా బాగా కుదిరింది. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు భయానకానికి కారణాలు చెబుతూ వికృత ధ్వనులు, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహాలు, అడవులతో పాటు అయినవాళ్ల వధనూ బంధనాన్నీ చూడటం, వాటి గురించి వినడం కూడా చేర్చాడు. ఖాళీ ఇల్లు, సొంతవాళ్లకు జరిగిన ఘోరం. గోథిక్ కథకు ఇంకేం కావాలి?

అలాగని ‘గోథిక్’ తీసేయమనను. గోత్‌లు ఒక జర్మానిక్ జాతి. పునరుజ్జీవన కాలపు ఇటలీవాళ్లు మధ్యయుగపు కట్టడాలను చులకన చేస్తూ ఆ జాతి పేరు తగిలించారు. 1764లో ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్‌పోల్, తాత చేసిన పాపం మనుమడి సంసారాన్ని చుట్టుకునే నవలను ఒక పాత కోటలో నడిపించాడు. మరుసటి ఏడాది రెండో ముద్రణకు ‘గోథిక్ కథ’ అని ఉపశీర్షిక పెట్టాడు. అప్పటినుంచి ఆ మాట ఈ కథలకు అంటుకుపోయింది. దాన్ని తెలుగు చేయబోతే ఇంత కథా రాలిపోతుంది.

ఇక మిత్రుడి ఒప్పు సగం. ‘నెమ్మదిగా కాలే చిత్రం’ అంటే నాకు మంటల్లో పడ్డ పోస్టరు కనిపించింది. కాలేది చిత్రం కాదు, అందులోని భయం. అదీ కాలదు, రాజుకుంటుంది. ‘నివురుగప్పిన నిప్పు’ దగ్గరగానే ఉంటుంది గాని అది దాగిన నిప్పు. పెరుగుతోందన్న సూచన అందులో లేదు. ‘రాజుకోవడం’లో ఉంది. ‘టెన్షన్ మెల్లగా పెంచే’ అన్నా తప్పుపట్టను.

‘చీకటి రహస్యాలు’ దగ్గర కాస్త ఆగాలి. చీకటికి చెడ్డ అర్థం మనకు కొత్త కాదు. చీకటి తప్పు, చీకటి వ్యాపారం ఉన్నాయి. కాబట్టి వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ ఇంటి విషయానికి మన దగ్గర అంతకన్నా లోతైన మాటుంది: గుట్టు. ‘రహస్యం’ ఎవరిదైనా కావచ్చు. ‘ఇంటి గుట్టు’ ఇంటిదే. విచిత్రం ఏమిటంటే గుట్టు చెడ్డమాట కాదు. ‘గుట్టుగా సంసారం చేసుకుంటోంది’ అంటే మెచ్చుకోలే. దాచడంలో పరువు ఉందని ఆ మాట నమ్ముతుంది. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెతలోనూ నింద తప్పు చేసినవాడి మీద కాదు, బయటపెట్టినవాడి మీద పడుతుంది. గోథిక్ కథ దీన్ని తిరగేస్తుంది: అక్కడ లంకను కాల్చేది బయటపడ్డ గుట్టు కాదు, తరాలుగా దాచిన గుట్టు. పరువు, పాపం రెండూ ఒకే మాటలో ఇమిడినప్పుడు ‘చీకటి’ అనే విశేషణం దేనికి?

నేనైతే ఇలా రాస్తాను: ‘మెల్లగా రాజుకునే గోథిక్ భయానక చిత్రం, తరాలుగా దాచుకున్న ఒక ఇంటి గుట్టు కథ.’ ‘భయానక’ బరువనిపిస్తే ‘హారర్’ అనండి. ఆ మాటకు మూలమైన లాటిన్ క్రియకు వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అని అర్థం. మన గగుర్పాటు కూడా అదే కదా.