రంగు కంటే ముందు వేడిని గీయాలి

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన ఫోటో చూశాను. మే నెల సాయంకాలం బావ అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్న ఆ ఫోటోను థర్మల్ కెమెరాతో తీసినట్లు మార్చాలని, ఫోటోషాప్‌లో గ్రేడియంట్ మ్యాప్ వేశావు. రంగులు బాగానే కుదిరాయి కానీ, అందులో వేడి లేదు.

గ్రేడియంట్ మ్యాప్ ఫోటోలోని నలుపు నుండి తెలుపు వరకు ఉన్న మెట్లకు మనం ఎంచుకున్న రంగులను పూస్తుంది, అంతే. మామూలు కెమెరా వస్తువుల మీద పడి తిరిగివచ్చే వెలుతురును పడుతుంది. థర్మల్ కెమెరా మాత్రం వస్తువులు తమంతట తాము వెలువరించే, సుమారు 8 నుండి 14 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరారుణ తరంగాలను, అంటే కంటికి కనబడని వేడి తరంగాలను పడుతుంది. అందువల్లనే నీ చిత్రంలో బావ తెల్లపంచె నిప్పులాగా, పగలంతా ఎండకు కాలిన అరుగు నల్లబండ మంచులాగా కనిపిస్తున్నాయి. నేను కూడా స్టూడియో పెట్టిన కొత్తలో ఒక కరపత్రం కోసం ఇదే పొరపాటు చేశాను.

కాబట్టి రంగుల జోలికి పోకముందే ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, దాని మీద ఒక కొత్త లేయర్ (పొర) తీసుకుని, మెత్తటి బ్రష్‌తో ఏది ఎంత వేడిగా ఉంటుందో అంత తెల్లగా దిద్దు. మన ఎర్రగుంట్ల వైపు నుండి వచ్చే ఆ నల్లబండలు మే నెలలో పొద్దు వాలిన తరువాత కూడా చెయ్యి పెట్టనివ్వవు. మనిషి చర్మం సాధారణంగా 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే నీ ఫోటోలో అరుగే తెల్లగా ఉండాలి, బావ దానికంటే ముదురుగా ఉండాలి. మనుషులు వెలిగిపోయే చిత్రాలు చుట్టూ చల్లగా ఉన్న చోట తీసినవి. వాటిని చూసి మన ఊరి ఫోటో దిద్దకూడదు.

ముఖం మీద ఓపికగా పని చెయ్యి. కంటి లోపలి మూలలు అన్నిటికంటే వెచ్చగా ఉంటాయి, కళ్ళద్దాలు మాత్రం చల్లగా, ముదురు మచ్చలుగా కనిపించాలి, ఎందుకంటే ఆ తరంగాలు గాజు గుండా రావు. కిటికీ అద్దం వెనుక ఉన్నవాటిని కూడా అందుకే చెరిపివెయ్యి. పంచె అంచు, గోడ మీది రాతలు, చొక్కా గళ్ళు అన్నీ పోవాలి. నీడలను కూడా తుడిచివెయ్యి. అయితే పగలంతా చెట్టు నీడన ఉన్న బండ చల్లగా ఉంటుంది కనుక అక్కడ మాత్రం కొంచెం ముదురు ఉంచు. ఆకాశం నిర్మలంగా ఉంది, దానిని నల్లగా నింపు.

నాకు బాగా నచ్చేది ఆ స్టీలు గ్లాసు. లోపల కాఫీ పొగలు కక్కుతున్నా, నున్నటి స్టీలు తన వేడిని చాలా తక్కువగా వెలువరించి చుట్టూ ఉన్నవాటినే అద్దంలా చూపిస్తుంది. కనుక గ్లాసు ఒంటిని మసకగా ఉంచి, పైన కనిపించే కాఫీని మాత్రం తెల్లగా దిద్దు. తెలిసినవాళ్ళు మొదట అక్కడే చూస్తారు.

ఆ తరువాత లేయర్లన్నీ కలిపిన ఒక నకలు తీసుకుని, 160×120 పిక్సెళ్ళకు కుదించి మళ్ళీ పెద్దది చేస్తే, అసలు కెమెరాకు ఉండే మసక అంచులు వాటంతట అవే వస్తాయి. కొద్దిగా నాయిస్, అంటే ఇసుక చల్లినట్లుండే చుక్కలు కలుపు. గ్రేడియంట్ మ్యాప్ అన్నిటికంటే చివర, నలుపు, ముదురు ఊదా, ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు అనే వరుసలో వెయ్యి. పక్కన రంగుల పట్టీ పెట్టి దాని మీద ఉష్ణోగ్రత అంకెలు వేస్తే, బండ అంకె బావ ముఖం కంటే ఎక్కువగా ఉందో లేదో సరిచూసుకో. ప్రదర్శనలో పెట్టేటప్పుడు ఇది దిద్దిన చిత్రమని కింద వ్రాయి.

లేయర్లు కలపని అసలు ఫైలును నాకు పంపు, గ్లాసు దగ్గర ఒకసారి చూస్తాను.

ఇట్లు,
మీ మామ