చిన్న కార్డు, చిటికెడు నీళ్ళు: వాటర్ కలర్స్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తానండీ, సాయంత్రాలు కాస్త ఖాళీ దొరికితే పోస్ట్‌కార్డు సైజులో వాటర్ కలర్స్ వేస్తుంటా. గోదావరి మీద సూర్యాస్తమయం ఎన్నిసార్లు వేసినా ఆకాశం బురద రంగులోకి పోతోంది, పేపరేమో అప్పడంలా వంకర తిరిగిపోతోంది. ఎక్కడ తేడా కొడుతోందంటారు?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: సైజు చిన్నదైతే తేలిక అనుకుంటారు గానీ నన్నడిగితే పెద్ద షీటే నయమండీ, అక్కడ నీళ్ళు ఎక్కువైనా పారడానికి చోటుంటుంది. ఏ6 కార్డంటే 10.5 × 14.8 సెంటీమీటర్లే, అంత జాగాలో నీళ్ళు ఒక్కసారి ఎక్కువ పడ్డాయంటే బొమ్మంతా ఈదుతుంది. అందుకే బ్రష్ రంగులో ముంచాక పాత కాటన్ గుడ్డకు ఒకసారి ఒత్తి అప్పుడు పేపర్ మీద పెట్టండి.

వంకర తిరుగుతోందంటే మీది మామూలు డ్రాయింగ్ షీటే అయ్యుంటుంది. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న) మందం పేపర్ కొనండి, కాటన్‌దైతే ఇంకా మంచిది, తడి ఎక్కువసేపు నిలుస్తుంది. ఖరీదే, కాదనను, కానీ ఒక ఏ4 షీటు కోస్తే నాలుగు కార్డులొస్తాయి కదా. నాలుగు వైపులా మాస్కింగ్ టేప్‌తో గట్టి అట్టకు అంటించేసి, బాగా ఆరాకే టేప్ పీకండి.

ఇక బురద. కింద నారింజ, పైన నీలం, ఈ రెండూ తడి మీద కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుని మట్టిరంగు అయిపోతాయి, ఆ రంగుల గుణమే అంత. నేను రెండు విడతల్లో వేస్తా. ముందు కార్డంతా తడిపి కింద పసుపు, నారింజ, వాటి పైన పల్చగా గులాబీ పెట్టి ఇక ముట్టుకోను. వేలి వెనకపక్క ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదని లెక్క. ఆరాక పైభాగం ఒక్కటే మళ్ళీ తడిపి అల్ట్రామెరీన్ బ్లూ వేసి, గులాబీ దగ్గరకొచ్చేసరికి ఉత్త నీళ్ళ బ్రష్‌తో అంచు కరిగించేస్తా, అక్కడ నీలం గులాబీతో కలిసి వంగపండు రంగొస్తుంది, మీ గోదావరి గట్టు మీద పొద్దుగూకేటప్పుడు కనిపించేదీ అదే కదా. ఈలోగా చెయ్యి ఊరుకోక కెలికారో, అయిపోయింది. పేపర్ మీద తళతళ పోయి మసకబారుతున్న టైమ్‌లో తడి బ్రష్ పెడితే, ఆ నీళ్ళు సగం ఆరిన రంగుని తోసుకుంటూ పోయి కాలీఫ్లవర్ మచ్చలంటామే, అవి కట్టేస్తాయి.

బొమ్మలో గోదావరి వంతెన కూడా వేస్తుంటే దానికి నల్ల ట్యూబ్ తెరవకండి, అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపితే జీవమున్న ముదురు బూడిద రంగొస్తుంది. ఆర్చ్ బ్రిడ్జికి 28 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) ఉన్నాయని అన్నీ కార్డు మీద కూర్చోబెట్టాలని చూడొద్దు, దగ్గరవి మూడో నాలుగో గట్టిగా వేసి మిగతావి నీళ్ళు కలిపి పల్చగా వదిలేయండి. బ్రష్ కూడా ఆరో ఎనిమిదో నంబర్ రౌండ్ (గుండ్రటి మొనది) చాలు, మొన బాగుంటే సన్నగీతా దాంతోనే వస్తుంది, జీరో నంబర్ చేతిలో ఉంటే ప్రతి కిటికీ గీయాలనిపిస్తుంది.

అన్నట్టు చిత్రకారుడు దామెర్ల రామారావుగారి ఆర్ట్ గ్యాలరీ మీ ఊళ్ళోనే ఉంది. ముప్పయ్యేళ్ళు నిండకుండానే 1925లో పోయారాయన. ఆ బొమ్మల ముందు కాసేపు నిలబడి రంగు ఎక్కడ పల్చగా వదిలారో, ఎక్కడ చిక్కగా పెట్టారో చూడండి.

ప్రశ్న: మే నెలలో వాష్ (పల్చటి రంగునీళ్ళు పేపర్ మీద ఒకేలా పరవడం) సగం వేసేలోపే ఆరిపోయి గీతలు పడుతున్నాయి. – ఓ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఫ్యాన్ కట్టెయ్, లేదా తెల్లవారుజామున కూర్చో బాబూ. కాటన్ పేపరైతే వెనకవైపు కూడా తడిపి ప్లాస్టిక్ షీటు మీద పరిస్తే చాలాసేపు తడిగా ఉంటుంది, అప్పుడు టేప్ అక్కర్లేదు. రంగు మాత్రం కావలసినదానికంటే ఎక్కువే ముందు కలిపి పెట్టుకో, మధ్యలో మళ్ళీ కలుపుతూ కూర్చుంటే ఆ షేడూ రాదు, ఈలోగా అంచూ ఆరిపోతుంది. అట్ట కొంచెం ఏటవాలుగా పెట్టి, కింద జారే తడి అంచుని బ్రష్‌తో అందుకుంటూ రా.

ప్రశ్న: స్టూడెంట్ రంగులు (నేర్చుకునేవాళ్ళ కోసం వచ్చే చవక రకం) పనికొస్తాయా సార్? – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: వస్తాయండీ, డబ్బులు ముందు పేపర్ మీద పెట్టండి. తర్వాత ట్యూబ్ కొనేటప్పుడు వెనక పిగ్మెంట్ కోడ్, అంటే ఏ రంగుపొడితో చేశారో చెప్పే గుర్తు, చదవండి, అల్ట్రామెరీన్ అయితే పీబీ 29 ఒక్కటే ఉండాలి, రెండు మూడు కోడ్‌లున్న రంగులు కలిపితే తొందరగా బురదవుతాయి. ఎరుపులో పీఆర్ 83 కనిపిస్తే వదిలేయండి, వెలుతురు తగిలే గోడకు తగిలిస్తే వెలిసిపోతుంది.